కాకినాడలో ఆడపిల్లల కోసం ధైర్యం క్లాసు పెట్టిన నా అనుభవం

కాకినాడ రామారావుపేటలో ఒక మేడ మీద హాలు అద్దెకు తీసుకుని, ఏడు నుంచి పదో తరగతి వరకు చదివే ఆడపిల్లలకు సాయంత్రాలూ ఆదివారాలూ క్లాసులు నడుపుతున్నాను. లెక్కలూ సైన్సూ ఉండవు. నలుగురిలో నోరు విప్పడం, తెలియనిది అడగడం, వద్దనుకున్నదాన్ని వద్దనడం, ఒక పని మీదేసుకుని చివరిదాకా చేయడం, ఇవీ మా దగ్గర నేర్పేవి. ఎలా మొదలుపెట్టారు, ఏ కాగితాలు కావాలి, తల్లిదండ్రులు ఒప్పుకుంటారా, డబ్బులు మిగులుతాయా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా టీచర్ ఉద్యోగం మానేసి ఇలాంటిదేదైనా పెట్టాలనుకుంటున్న ఆడవాళ్లు. ఒక్కొక్కళ్లకీ ఫోన్లో చెప్పే కన్నా ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది.

పదేళ్లకు పైగా ఒక ప్రైవేట్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. ఐదో తరగతిలో ప్రశ్న అడగ్గానే బెంచీల్లోంచి లేచి మరీ చేతులెత్తే ఆడపిల్లలు ఎనిమిదికి వచ్చేసరికి తలొంచుకుని నోట్సులోకి చూస్తూ కూర్చునేవాళ్లు. జవాబు రాక కాదు, దగ్గరికెళ్లి చూస్తే పెన్సిల్‌తో చిన్నగా రాసుకునే ఉండేవాళ్లు, లేపి అడిగితే మాత్రం "తెలీదు మేడమ్". తప్పు చెప్తే వెనక బెంచీల్లో నవ్వుతారని ఒకరికి భయం, డ్రెస్ మీద మరక కనపడుతుందేమోనని లేచి నిలబడటానికే ఇంకొకరికి భయం, రంగు గురించో లావు గురించో ఇంట్లోనే రోజూ వినే మాటలు మరొకరివి. పెద్దమనిషి అయ్యాక "ఇంక ఆ గంతులు మానెయ్" అనడంతో మొదలై, గట్టిగా నవ్వకు, గుమ్మంలో నిలబడకు, నీకెందుకు పెద్దవాళ్ల మాటలు అంటూ సాగుతుంది. ఇవన్నీ విన్న పిల్ల క్లాసులో మాత్రం చేతులెత్తాలంటే ఎలా ఎత్తుతుంది?

కరోనా తర్వాత స్కూళ్లు తెరిచినప్పుడు ఇది మరీ కళ్లకు కట్టినట్టు కనపడింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్యకో తమ్ముడికో ఇచ్చి, వాడి క్లాసు అయ్యాక మిగిలిన టైములో ఈ పిల్ల పాఠం విన్న ఇళ్లు నాకు చాలా తెలుసు. తిరిగొచ్చిన పిల్లలు హాజరు పలకడానికి కూడా గొంతు పెగలనట్టు ఉన్నారు. సిలబస్ పూర్తి చేయాల్సిన స్కూల్లో దీనికి పీరియడ్ ఎవరిస్తారు? 2022 వేసవిలో మా ఇంటి డాబా మీద, మా వీధి పిల్లలతో ఫీజు లేకుండా మొదలుపెట్టాను.

మొదలుపెట్టే ముందు కొంత చదివాను. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే ఈ విషయం మీద రాశారు. "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందంటారు ఆయన. అన్నిటికన్నా బలమైనది తన చేత్తో తాను చేసి నెగ్గిన అనుభవం. తర్వాతది తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం. నమ్మకమున్న మనిషి "నువ్వు చేయగలవు" అని చెప్పే మాట ఆ తర్వాతే. ఇక నాలుగోది మన ఒళ్లు, అంటే గుండె దడదడలాడితే దాన్ని భయమని పారిపోతామా, పని ముందు ఒంటికి వచ్చే మామూలు ఊపని అనుకుంటామా అన్నది. ఇది చదివాక నా దారి నాకు తేటపడింది. మన ఊళ్లలో వ్యక్తిత్వ వికాసం పేరుతో జరిగేవన్నీ దాదాపు మూడో దారిలోనే నడుస్తాయి. మైకు పట్టుకుని రెండు గంటలు మాట్లాడతారు, పిల్లల చేత కళ్లు మూయించి అమ్మానాన్నల కష్టం గుర్తు చేసి ఏడిపిస్తారు, చప్పట్లు కొట్టిస్తారు. ఇంటికి వెళ్లిన పిల్ల మర్నాడు కూడా "తెలీదు మేడమ్" అనే అంటుంది. నాకు ఆ ఏడిపించే కార్యక్రమాలంటే అస్సలు గిట్టదు. అందుకే మా దగ్గర ఉపన్యాసాలు లేవు, పిల్లలతో చేయించడమే ఉంది.

డాబా మీద వేసవి గడిచాక హాలు చూసుకుని, కాగితాల పని మొదలుపెట్టాను. అందరూ దీనికే భయపడతారు గానీ నిజానికి అన్నిటికన్నా సులువైన భాగం ఇదే. ఒక్కరే నడుపుకునే వ్యాపారానికి కంపెనీ పెట్టక్కర్లేదు, సొంత పాన్ కార్డు మీదే నడుస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలను కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేయడం, ఆధార్‌తో ఆన్‌లైన్లో అయిపోతుంది, పైసా ఫీజు లేదు. వెతగ్గానే పైన వచ్చే కొన్ని ప్రైవేట్ సైట్లు అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉండి డబ్బులు అడుగుతాయి, అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. హాలుకి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కార్మిక శాఖ దగ్గర నమోదు చేయించాను. ఉద్యమ్ సర్టిఫికెట్ చూపించి బ్యాంకులో కరెంట్ ఖాతా తెరిచాను, ఫీజులన్నీ అందులోకే. ఇంటి డబ్బులూ క్లాసు డబ్బులూ కలిసిపోతే నెలాఖరుకి ఏం మిగిలిందో దేవుడికి కూడా తెలియదు. జీఎస్టీ గురించి అందరూ అడుగుతారు. సేవలకు ఏడాదికి 20 లక్షల రాబడి దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాటితే ఫీజు మీద 18 శాతం. మనం ఆ దరిదాపుల్లో ఉండం.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు మాత్రం నాకు బాగా టెన్షన్ వచ్చింది. పదహారేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదని పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది, మా పిల్లలంతా ఆ వయసు లోపువాళ్లే. తెలిసిన ఆడిటర్ గారితో కూర్చుని అసలు పత్రం చదివాను. అందులో కోచింగ్ సెంటర్ అంటే 50 మందికి మించి విద్యార్థులున్నదని, కౌన్సెలింగ్, ఆటలు, నాట్యం, నాటకం లాంటి సృజనాత్మక పనులు కోచింగ్ కిందికి రావని రాసి ఉంది. అప్పుడు గానీ స్థిమితపడలేదు. బ్యాచ్‌కి 12 మంది, నాలుగు బ్యాచ్‌లు, అంతకు మించి తీసుకోకూడదని అప్పటికే పెట్టుకున్న నియమాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. పన్నెండు దాటితే మాట్లాడకుండా గంట గడిపేసే పిల్ల మన కంట పడదు, అసలు కారణం అది.

కాగితాల కన్నా నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది పిల్లల భద్రత మీద. మన దగ్గర నోరు విప్పడం నేర్చుకున్న పిల్ల ఒకరోజు చెప్పకూడదనుకున్నది కూడా చెప్తుంది. దానికి మనం ముందే తయారుగా ఉండాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా నేరమే. అందుకే "ఎవరికీ చెప్పను, నాతో చెప్పు" అన్న మాట మా హాల్లో ఎవరూ అనకూడదు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు చెప్తాను, నీకు తెలియకుండా చెప్పను" అంటాం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్దగా రాసి ఉంటుంది, ప్రతి కొత్త పిల్లా దాన్ని కంఠతా పట్టాలి. క్లాసు జరుగుతున్నంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఫోటో కూడా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టం. ఫోటోలు పెడితేనే కదా అడ్మిషన్లు వచ్చేది అని చాలామంది సలహా ఇచ్చారు. నలుగురి ముందూ బెరుకుపడే పిల్ల ఫోటో పెట్టి "మా దగ్గరికి రాకముందు, వచ్చాక" అని ప్రచారం చేసుకోవడం నాకు మనసొప్పదు.

అడ్మిషన్ల మాటకొస్తే, న్యూస్‌పేపర్లో పెట్టి పంచిన పాంప్లెట్లకు వచ్చిన ఫోన్లు తక్కువ, అవి కూడా "స్పోకెన్ ఇంగ్లీషా అండి? ఎన్ని రోజుల్లో వస్తుంది?" అనే. స్పోకెన్ ఇంగ్లీష్ అని బోర్డు పెడితే హాలు నిండిపోతుందని నాకూ తెలుసు. కానీ ఆ పేరు చూసి వచ్చిన తల్లి మూడో వారానికల్లా "ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాలేదు" అని అడుగుతుంది, అడగడం న్యాయం కూడా. అందుకని ఆదివారం పూట ఉచితంగా ఒక క్లాసు చూపించడం మొదలుపెట్టాను. తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో కూర్చుని గంటన్నర చూస్తారు. చూసినవాళ్లే ఇంకొకరికి చెప్పారు, ఇప్పటికీ మాకు పిల్లలు వచ్చేది ఈ నోటి మాట వల్లే.

చేర్పించడానికి వచ్చినవాళ్లతో మాకు ఒక పద్ధతి ఉంది. ఒక నాన్నగారు భానుగుడి వైపు నుంచి కూతుర్ని తీసుకొచ్చారు. "మా అమ్మాయికి నోట్లో నాలుక లేదండి, మార్కులు బానే వస్తాయి గానీ ఎవరైనా పేరు అడిగితే కూడా చెప్పదు" అన్నారు. నేను ఆ పిల్ల వైపు తిరిగి "నీ పేరేంటమ్మా?" అన్నాను. నాన్నగారే చెప్పారు. "ఏ స్కూలు?" అదీ ఆయనే. ఆయన్ని తప్పు పట్టలేం, పిల్ల ఇబ్బంది పడుతుంటే చూడలేక అలా అందుకుంటారు, ఎన్నో ఏళ్లుగా అలవాటైపోయింది. అడ్మిషన్ ఫారం పిల్లే నింపాలని మా నియమం. ఫారం, పెన్నూ ఆ అమ్మాయి చేతికిచ్చి, నాన్నగారికి కుర్చీ వేసి కాస్త దూరంగా కూర్చోబెట్టాను. పిన్ కోడ్ దగ్గర ఆగిపోయింది. నాన్నగారు లేవబోయారు, నేను వద్దన్నట్టు చూశాను. చాలాసేపు అలాగే పెన్ను పట్టుకుని కూర్చుంది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి నా వైపు చూడకుండానే, "మేడమ్, మా పిన్ కోడ్ నాకు తెలీదు, నాన్నని అడగొచ్చా?" అంది. ఆ అమ్మాయి నోటి వెంట నేను విన్న మొదటి వాక్యం అదే, అందులో తెలీదని ఒప్పుకోవడమూ ఉంది, అడగడమూ ఉంది. నాన్నగారు నంబరు చెప్పారు, ఆ అమ్మాయే రాసింది.

తల్లిదండ్రుల అసలు భయం మార్కుల గురించి కాదు. "ఇవన్నీ నేర్పితే ఇంట్లో ఎదురు మాట్లాడదా అండి?" అన్నది. కొందరు పైకే అడుగుతారు, కొందరు రెండో నెల ఫీజు కట్టేటప్పుడు అడుగుతారు. ఒక ఆదివారం మనవరాలితో వచ్చిన పెద్దావిడ క్లాసంతా చూసి, "బానే ఉందమ్మా, కానీ రేపు అత్తారింట్లో ఇలా ఉంటే ఎలా నెగ్గుకొస్తది?" అన్నారు. "మామ్మగారూ, నెగ్గుకు రావడానికేనండి ఇదంతా" అన్నాను. ఆవిడ ఊరుకోలేదు, తన రోజుల్లో తనకు ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించిన సంగతి, అప్పుడు తను ఏమీ అనలేకపోయిన సంగతి చెప్పారు. ఆ పిల్లకు ఫీజు కట్టేది ఇప్పుడు ఆవిడే, పెన్షన్‌లోంచి. అందరూ అలా కరగరు. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఒకటే, గట్టిగా అరవడం మేం నేర్పం, అరవకుండా తన మాట చెప్పడం నేర్పుతాం, కావాలంటే రోజూ వచ్చి కూర్చోండి అని.

క్లాసులో ఏం చేస్తామో ఒకటి వివరంగా చెప్తాను. 1923 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ మన కాకినాడలోనే జరిగింది. దాంతో పాటు ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర టికెట్ చూసి లోపలికి పంపే పని వాలంటీర్‌గా వచ్చిన పద్నాలుగేళ్ల దుర్గాబాయికి అప్పజెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వస్తే ఆ పిల్ల లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు కంగారుపడి టికెట్ తెప్పించాకే వదిలింది. నెహ్రూ కోప్పడకపోగా మెచ్చుకున్నారు. ఆ అమ్మాయే పెద్దయ్యాక రాజ్యాంగ సభలో కూర్చున్న, ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. మన ఊళ్లో జరిగిన కథ, మా పిల్లల్లో చాలామంది మా దగ్గరికి వచ్చాకే మొదటిసారి వింటారు.

దీన్ని మేం ఆటగా ఆడిస్తాం. హాలు గుమ్మమే ప్రదర్శన గుమ్మం. నెహ్రూ వేషానికి అందరూ ముందుకొస్తారు, గుమ్మం దగ్గర నిలబడటానికి ఎవరూ రారు, కానీ ప్రతి ఒక్కరూ ఆ రెండోది చేసి తీరాలి. లోపలికి రావాలనుకునే పిల్ల ఏం మాట్లాడైనా రావచ్చు, తొయ్యకూడదు అంతే. "నేనెవరో తెలుసా?" అంటారు, "మీ పెద్దవాళ్లను పిలువు" అని గద్దిస్తారు, వీటికి చాలామంది తట్టుకుంటారు. నేను గమనించింది ఏమిటంటే, కోపానికి ఆగిన పిల్లలు కూడా బతిమాలితే కరిగిపోతారు. "నువ్వు మంచిదానివి కదమ్మా, ఒక్కసారికి వదిలెయ్, ఎవరికీ చెప్పను" అనగానే పక్కకు తప్పుకుంటారు. మంచిపిల్ల అనిపించుకోవాలన్న ఆశ ఆడపిల్లలకు అంత లోతుగా నూరిపోశాం. రేపు స్కూలు బయట ఎవడో ఫోన్ నంబరు అడిగేది కూడా ఇదే గొంతుతో అడుగుతాడు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ప్రతిసారీ ఈ మాట దగ్గరే ఓడిపోయేది. ఒకరోజు బతిమాలుతున్న పిల్ల చెయ్యి కూడా పట్టుకుంది. ఈ అమ్మాయి చెయ్యి మెల్లగా విడిపించుకుని, స్టూలు లాగి గుమ్మానికి అడ్డంగా వేసి దాని మీద కూర్చుంది. వేళ్లు వణుకుతున్నాయి, గొంతు కూడా. "నేను మంచిదాన్నే. టికెట్ తెచ్చుకోండి సార్, నేను ఇక్కడే ఉంటాను" అంది. హాల్లో పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. వణుకుతూ కూడా చెప్పొచ్చని మిగతావాళ్లు చూశారు కదా, నేను ఎన్ని గంటలు చెప్పినా అది రాదు.

తర్వాత హాలు దాటి బయటికి తీసుకెళ్తాం. తల్లిదండ్రుల సంతకం తీసుకుని, కనుచూపు మేరలో మేమే ఎవరో ఒకరం ఉండి. ఈత నేర్పేటప్పుడు గట్టు మీద నిలబడినట్టు ఉంటాం, మునిగిపోతే తప్ప దిగం. రాయని పెన్ను షాపుకి తీసుకెళ్లి మార్చమని అడగడం, మందుల షాపులో పేపర్ చుట్టకుండానే శానిటరీ ప్యాడ్లు ఇవ్వమనడం, పోస్టాఫీసులో ఫారం అడిగి తీసుకుని నింపడం, రైతుబజారులో తక్కువ తూకం అనిపిస్తే మళ్లీ తూయమనడం. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక సామర్లకోట దాకా పల్లెవెలుగులో వెళ్లి రావడం కూడా ఇందులో చేర్చాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఆధార్ చూపిస్తే కండక్టర్ గారు కార్డునీ మొహాన్నీ మార్చి మార్చి చూశారు, అందులో ఐదేళ్లప్పటి ఫోటో మరి. "ఇది నువ్వేనా?" అన్నారు. బస్సంతా చూస్తోంది. నేను రెండు సీట్ల వెనక ఉన్నాను, కదల్లేదు. "నేనేనండి, చిన్నప్పటి ఫోటో. పదిహేనేళ్లు నిండాక మార్చుకోవాలంట, మా అమ్మ తీసుకెళ్తానంది. పేరూ పుట్టినరోజూ అడగండి, చెప్తాను" అంది. ఆయన నవ్వి జీరో టికెట్ కొట్టి ఇచ్చారు. ఆ టికెట్ ఆ అమ్మాయి నోట్సులో అంటించి ఉంది.

నోట్సు అంటే ప్రతి పిల్లకూ ఒక రెండొందల పేజీల పుస్తకం. ఆ వారం ఎవరి సాయం లేకుండా చేసిన పని, చేసే ముందు ఒంట్లో ఎలా ఉంది, చేశాక ఎలా ఉంది, ఇంతే రాయాలి. నెలకోసారి తల్లి కూడా ఒక పేరా రాస్తుంది. "మా అమ్మాయి సూపర్" అని రాస్తే వెనక్కి ఇచ్చేస్తాను, ఏం చేసిందో రాయమంటాను. తెలివైనదానివని పొగిడిన పిల్లలు తర్వాత కష్టమైన లెక్క జోలికి పోవడానికి జంకుతారని, పడిన కష్టాన్ని మెచ్చుకుంటే నిలబడతారని 1998లో క్లాడియా మ్యూలర్, కెరోల్ డ్వెక్ చేసిన పరిశోధనలో తేలింది. మన ఇళ్లలో ఈ మార్పు తేవడం పిల్లల్లో మార్పు తేవడం కన్నా కష్టంగా ఉంది.

అన్నీ ధైర్యంతో తీరవు. ఒక పిల్ల ఎప్పుడూ డీలాగా, గోడకు జారబడి ఉండేది. స్కూల్లో ప్రార్థన దగ్గర కళ్లు తిరిగి పడిపోతే సిగ్గు, భయం అన్నారట. నెలసరి గురించి మాట్లాడటానికి మా దగ్గరికి వచ్చే లేడీ డాక్టర్ గారు ఆ పిల్ల కనురెప్ప లాగి చూసి రక్తపరీక్ష రాశారు. ధైర్యం లేదనుకున్న పిల్లకు నిజానికి ఒంట్లో రక్తం లేదు. ఐరన్ మాత్రలు వాడి, పుష్టిగా తిన్నాక కొన్ని నెలలకు మనిషే మారిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. స్కూళ్లలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని వికారంగా ఉందని డస్ట్‌బిన్‌లో వేసే పిల్లలు ఎంతమందో, కాబట్టి ఇప్పుడు మేం చేరిన నెలలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమని అడుగుతున్నాం. అలాగే నిద్రపట్టని, చచ్చిపోవాలనిపిస్తోందని రాసే పిల్లలకు సాయం చేయడం మా స్థాయి పని కాదు. మేం సైకాలజిస్టులం కాదు, కాకూడదు కూడా. తల్లిదండ్రుల్ని పిలిచి జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, సైకియాట్రీ ఓపీకి పంపుతాం, మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరు ఇస్తాం, వెళ్లారో లేదో కనుక్కుంటాం.

డబ్బు సంగతి. మొదట్లో నెలకు 800 తీసుకున్నాను, ఇప్పుడు 1,200. 48 సీట్లలో ఆరు ఫీజు లేనివి, మిగతా 42 నిండితే నెలకు 50,400 వస్తుంది. హాలు అద్దె, ఇద్దరు సహాయకుల జీతాలు, కరెంటు, పుస్తకాలు, బయటికి వెళ్లే ఖర్చులు కలిపి 26,000 దాకా అవుతాయి. చూస్తే బాగానే ఉంది కదా, కానీ ఆ 42 ఎప్పుడూ నిండి ఉండవు. జనవరి నుంచి పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షలని మానేస్తారు, మార్చికి హాలు సగం ఖాళీ, మళ్లీ వేసవి సెలవుల్లో అందరూ ఒకేసారి వస్తారు. వేసవిలో వచ్చింది దాచి ఫిబ్రవరి, మార్చి అద్దెలకు పక్కన పెట్టుకుంటేనే బండి నడుస్తుంది. మొదటి ఏడాది నాకు మిగిలింది స్కూలు జీతం కన్నా తక్కువే, మా ఆయన జీతం ఉంది కాబట్టి ఇల్లు గడిచింది. ఇది దాచిపెట్టి "నచ్చిన పని చేయండి" అని సలహా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఉచితంగా చేయొచ్చు కదా, సేవ కదా అని కూడా కొందరు అంటారు. డాబా మీద ఉచితంగా చేసినప్పుడు వాన చినుకు పడితే పిల్లలు రాలేదు, చుట్టాలొస్తే రాలేదు. ఫీజు కట్టాక వస్తున్నారు. సహాయకురాలికి నెల జీతం ఇస్తేనే ఆమె కూడా దీన్ని ఉద్యోగంగా చూస్తుంది.

పెద్ద మొత్తం వచ్చే అవకాశం ఒకటి వచ్చింది. ఊళ్లో ఒక పెద్ద స్కూలువాళ్లు పిలిచి, హైస్కూలు ఆడపిల్లలందరినీ గ్రౌండ్‌లో కూర్చోబెడతాం, ఒక్క రోజులో ప్రోగ్రాం అయిపోవాలి, అందరికీ సర్టిఫికెట్లు, ఫోటోలు మా బ్రోచర్‌లో వేసుకుంటాం అన్నారు. నాకు వచ్చేది రెండు నెలల అద్దె కన్నా ఎక్కువే. వద్దన్నాను. మైకు ముందు నేను మాట్లాడి వచ్చేస్తే మాట్లాడింది నేనే అవుతాను, పిల్లలు కాదు. ఒక్క సెక్షన్, రెండు నెలలు, వారానికి రెండు పీరియడ్లు ఇస్తే చేస్తానన్నాను. వాళ్లు తిరిగి ఫోన్ చేయలేదు. వేరే చిన్న స్కూలు ఒకటి ఆ షరతుకే ఒప్పుకుంది, అక్కడ ఇప్పటికీ వెళ్తున్నాం.

మధ్యలో మానేసిన పిల్లలు ఉన్నారు. పెద్దమనిషి ఫంక్షన్ అయ్యాక ఒకమ్మాయి మళ్లీ రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ కాఫీ ఇచ్చి చాలా మర్యాదగా మాట్లాడింది గానీ, "మా మరిదిగారికి ఇష్టం లేదండి, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోందంటున్నారు" అంది. ఆ పిల్ల లోపలి గది గుమ్మం దగ్గర నిలబడి వింటోంది, బయటికి రాలేదు. నాకు చాలా బాధేసింది. ఆ తర్వాత మిగతా తల్లుల్ని అడిగితే చీకటి భయం ఇంకా చాలా ఇళ్లలో ఉందని, మొహమాటానికి చెప్పడం లేదని తెలిసింది. సాయంత్రం బ్యాచ్ ఆరింటికల్లా ముగిసేలా మార్చాం, దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆదివారం ఉదయం పెట్టాం. ఆ అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు. వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్తాను.

ఇప్పుడు జగన్నాథపురం వైపు ఇంకో హాలు చూస్తున్నాం. అక్కడ వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలు ఎక్కువ, 1,200 కట్టలేరు, కాబట్టి ఇక్కడి ఫీజుల్లోంచి అక్కడికి ఎంత పెట్టగలమో లెక్క వేసుకుంటున్నాను. అక్కడ క్లాసు చూసుకునేది మా మొదటి బ్యాచ్ అమ్మాయి, అప్పుడు పదో తరగతి, ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. జీతం ఎంతిస్తారని మొదటి రోజే అడిగింది, నేను చెప్పిన దానికన్నా వెయ్యి ఎక్కువ అడిగి ఒప్పించుకుంది. మీ ఊళ్లో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే మా అడ్మిషన్ ఫారం, తల్లిదండ్రుల అనుమతి పత్రం, వారం వారం చేయించే పనుల జాబితా అడగండి, ఇస్తాను. డబ్బులేమీ వద్దు. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి, మార్చింది నాకూ పంపండి, ముఖ్యంగా పల్లెటూళ్లలో బయటికి తీసుకెళ్లే పనులు ఎలా చేయించారో నాకు తెలుసుకోవాలని ఉంది.